బావా, రన్‌వే పక్కన గుడారాలు వేస్తున్నాం

డాలస్,
అక్టోబర్ 12, 2025

ఒరేయ్ బావా,

నీ వాయిస్ మెసేజ్ వచ్చి మూడు వారాలు దాటింది. ఫోన్ చేద్దామంటే నీకు బడి టైమో, నాకు నిద్ర టైమో అవుతోంది. పైగా ఈసారి చెప్పాల్సింది చాలా ఉంది. అందుకే ఆదివారం పొద్దున్నే కాఫీ పెట్టుకుని రాయడానికి కూర్చున్నాను. అత్తమ్మకి మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? కొత్త డాక్టరు చెప్పిన ఎక్సర్‌సైజులు చేస్తోందా? చెల్లెమ్మ పంపిన గోంగూర పచ్చడి అడుగంటింది, ఆ మాట మరిచిపోకుండా రాయమంది నీ చెల్లెలు.

ఇక అసలు సంగతి. వచ్చే నెల 14, 15, 16 తేదీల్లో మా అమ్మాయి వాళ్ళ స్కౌట్ ట్రూప్‌కి క్యాంపు. ఎక్కడనుకున్నావు? విమానాశ్రయంలో! డాలస్‌లో నువ్వు దిగిన పెద్దది కాదులే. ఇక్కణ్ణుంచి ఉత్తరంగా గంటన్నర వెళ్తే ఒక చిన్న ఊరు, ఆ ఊరి చివర ఒకే ఒక్క రన్‌వే, విమానాలు పెట్టుకునే షెడ్లు (హ్యాంగర్లు) పది పన్నెండు, ఒక చిన్న ఆఫీసు, ఇంధనం ట్యాంకు. కంట్రోల్ టవర్ కూడా లేదు. పైలట్లే రేడియోలో ఒకరికొకరు ఎటునుంచి వస్తున్నారో చెప్పుకుంటూ దిగుతారు, లేస్తారు. ఆ హ్యాంగర్ల వెనక గడ్డిలో పధ్నాలుగు మంది అమ్మాయిలు రెండు రాత్రులు గుడారాలు వేసుకుని పడుకుంటారు. నవంబర్ 14 మనకి బాలల దినోత్సవం కదా. అది చూసి పెట్టిన తేదీ కాదు, పిల్లలు వాళ్ళ స్కూలు పరీక్షలు చూసుకుని పెట్టుకున్నది. నాకు మాత్రం భలే సంతోషమేసింది.

ఇక్కడి స్కౌట్ల గురించి నీకెప్పుడూ వివరంగా చెప్పలేదు. బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా అని మనం చిన్నప్పుడు విన్న సంస్థే ఇది. ఈ ఫిబ్రవరి నుంచి పేరు స్కౌటింగ్ అమెరికా. ఈ వయసు ఆడపిల్లలకి 2019 నుంచి ట్రూపులు పెట్టారు. మా అమ్మాయి పదకొండో ఏట చేరింది, ఇప్పుడు పదమూడు, తన పాట్రోల్‌కి, అంటే ట్రూప్‌లో ఒక చిన్న జట్టుకి, లీడర్. చేర్పించిన రోజు వాళ్ళ స్కౌట్‌మాస్టరు, ఒక పెద్దావిడ, నాకు ఎడమ చెయ్యి చాచింది. నేను ఆలోచించనే లేదురా, నా ఎడమ చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది. మన హైస్కూలు వేపచెట్టు కింద స్కౌట్ మాస్టారు నేర్పిన ఎడమచేతి షేక్‌హ్యాండ్, ఇన్నేళ్ళ తర్వాత ఇంత దూరంలో! ఆ సాయంత్రమే నేనూ వాలంటీరుగా పేరు రాయించుకున్నాను.

ఈ ఎయిర్‌పోర్ట్ ఆలోచన మొదట ఎవరిదో తెలుసా? మనిద్దరిదీ. నవ్వకు. దొనకొండ రన్‌వే గుర్తుంది కదా? రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌డ్రోమ్, పగుళ్ళలోంచి చిల్లకంప, మేకలు. తాటాకు గిరకకి తుమ్మముల్లు గుచ్చి, చేత్తో పట్టుకుని ఆ చివరి నుంచి ఈ చివరికి పరిగెత్తేవాళ్ళం. ఎప్పటికైనా ఒక విమానం దిగుతుంది, అప్పుడు మనం ఇక్కడే ఉండాలి అనేవాడివి. 2014లో రాజధాని దొనకొండకి వస్తుందని పేపర్లో మాటలు వచ్చినప్పుడు నువ్వు అర్ధరాత్రి ఫోన్ చేసి, ఇక దిగుతుందిరా బావా అన్నావు. ఆ కథ నేను మా అమ్మాయికి చిన్నప్పటి నుంచీ చెప్తూనే ఉన్నాను. మొన్న ఏప్రిల్‌లో పాట్రోల్ లీడర్ల మీటింగులో ఏడాది క్యాంపులు అనుకుంటుంటే, విమానాలు దిగే రన్‌వే పక్కన పడుకుందాం అని చెయ్యెత్తింది ఇదే.

అక్కణ్ణుంచి మొదలైంది పని. ముందు మాకు దగ్గర్లోనే ఉన్న ఒక ఎయిర్‌పోర్ట్ వాళ్ళని అడిగాం. అదిగో ఇదిగో అని నెల రోజులు తిప్పి, ఇన్సూరెన్స్ కాగితం కూడా తీసుకుని, చివరికి రాత్రిపూట పిల్లలంటే మాకు వద్దు అన్నారు. ఆ మాట పిల్లలకి చెప్పేటప్పుడు నా గొంతు పట్టేసింది. మా అమ్మాయి మాత్రం మ్యాప్ తీసి, చుట్టుపక్కల ఇంకెన్ని చిన్న రన్‌వేలున్నాయో లెక్కపెట్టి, ఒక్కొక్కరికీ ఉత్తరం రాయడం మొదలుపెట్టింది. అయిదో ఉత్తరానికి ఈ చిన్న ఊరి మేనేజర్ ఒప్పుకున్నాడు. ఒకసారి వచ్చి చూసుకోండి, కానీ నా షరతులు వినాలి అన్నాడు.

సెప్టెంబర్ ఆఖర్లో నేను, అమ్మాయి, స్కౌట్‌మాస్టరు వెళ్ళాం. ఆ సాయంత్రం గురించి నీకు తీరిగ్గా చెప్పాలి.

అక్కడ డెబ్భై దాటిన ఒక పెద్దాయన, తన చిన్న విమానం, సెస్నా 172, రెక్క కింద వంగి ఏదో చేస్తున్నాడు. చేతిలో గ్లాసులాంటి చిన్న ప్లాస్టిక్ గొట్టం. దాన్ని ట్యాంకు అడుగున ఉన్న వాల్వుకి నొక్కి, రెండు మూడు గుక్కలంత ఇంధనం పట్టాడు. లేత నీలం రంగు బావా, అచ్చం మనం బట్టలకి నీలిమందు పెట్టిన నీళ్ళలా ఉంది. దాన్ని ఆకాశం వైపు ఎత్తి అమ్మాయిని చూడమన్నాడు. అడుగున నీటిబొట్టు ఉందా? చెత్త ఉందా? రంగు సరిగ్గా నీలమేనా? నీళ్ళు ఇంధనం కంటే బరువు కదా, ఉంటే అడుక్కి చేరి బుడగలా కనిపిస్తాయిట. ఆ బొట్టు ఇంజిన్లోకి వెళ్తే గాల్లో ఇంజిన్ ఆగిపోవచ్చు. అందుకని ఎగిరే ముందు ప్రతి ట్యాంకూ ఇలా చూడాల్సిందే, యాభై ఏళ్ళుగా ఎగురుతున్నా సరే అన్నాడు. ఆ ఇంధనంలో సీసం ఉంటుంది, వెళ్ళి చేతులు సబ్బుతో కడుక్కోమన్నాడు తర్వాత. మన మాస్టారు క్యాంపులో తాగునీళ్ళ బిందె ఎండకి ఎత్తి చూపించేవారే, అదే గుర్తొచ్చింది.

పొద్దు వాలాక ఇంకోటి చూపించాడు. చీకటిపడింది, రన్‌వే కనిపించడం లేదు. మమ్మల్ని విమానంలో కూర్చోబెట్టి, రేడియో ఆన్ చేసి, మైకు బటన్‌ని టకటకా ఏడుసార్లు నొక్కాడు. అంతే! ఆ చివరి నుంచి ఈ చివరి దాకా రెండు వరసల దీపాలు ఒక్కసారి వెలిగాయి. రాత్రి ఎవరైనా పైలట్ వస్తుంటే పైనుంచే అలా వెలిగించుకుంటాడట. మూడుసార్లు నొక్కితే చిన్నగా, అయిదుసార్లు నొక్కితే ఓ మోస్తరుగా, ఏడుసార్లకి పూర్తిగా. పావుగంటకి వాటంతట అవే ఆరిపోతాయి. అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయిరా. మన రన్‌వేకి అలాంటి దీపం ఒక్కటి వెలిగినా చాలని ఎన్ని సాయంత్రాలు కూర్చున్నాం!

మేనేజర్ షరతులు వింటుంటే నాకు అర్థమైంది, ఇది మామూలు క్యాంపు లెక్క కాదని. అడవిలో మనమే రాజులం, ఇక్కడ విమానాలకి అతిథులం. క్యాంప్‌ఫైర్ లేదు. గడ్డి ఎండిపోయి ఉంటుంది, ఇంధనం ట్యాంకు దగ్గర్లోనే ఉంది, కాబట్టి గ్యాస్ స్టవ్ మీదే వంట. టార్చిలైటు రన్‌వే వైపు వెయ్యకూడదు, లేజర్ లైటు ఇంట్లోనే వదిలేసి రావాలి. తలకి పెట్టుకునే లైట్లకి ఎర్ర కాగితం అంటిస్తాం, చీకటికి అలవాటుపడ్డ కళ్ళు చెదరవు. ప్లాస్టిక్ కవరు ఒక్కటి ఎగిరినా ఇంజిన్‌కి ప్రమాదం. అందుకని పొద్దున్నా సాయంత్రం అమ్మాయిలు వరసగా నిలబడి నేల చూసుకుంటూ మైదానమంతా నడుస్తారు, మేకు, దారం, చాక్లెట్ కాగితం ఏదున్నా ఏరేస్తారు. ఆగి ఉన్న విమానమైనా ప్రొపెల్లర్ దగ్గరికి వెళ్ళకూడదు. ఇంజిన్ తిరిగేటప్పుడు ఆ రెక్కలు కంటికి కనిపించవు, అక్కడ ఖాళీయే అనిపిస్తుంది. ఇది పిల్లలకి ఇప్పటికి మూడు మీటింగుల్లో చెప్పాను, నాలుగోసారీ చెప్తాను.

హద్దు తాడు ఒకటి కట్టాలి, హ్యాంగర్ల వెనక నుంచి కంచె దాకా. దానికి కర్రలు పాతి, క్లోవ్ హిచ్ ముడులేసి, ఎర్ర గుడ్డముక్కలు వేలాడదీస్తారు. ఆ తాడు దాటాలంటే పక్కన ఒక పెద్దవాళ్ళు ఉండాలి. క్లోవ్ హిచ్ నేనే నేర్పాను. నాకు నేర్పింది నువ్వని చెప్పి మరీ నేర్పాను.

గాలి నాకున్న పెద్ద టెన్షన్. నవంబర్లో ఇక్కడ ఉత్తరం నుంచి చలిగాలి ఉన్నట్టుండి కమ్ముకొస్తుంది, గంటలో వాతావరణం మారిపోతుంది. పోయిన వసంతంలో ఒక క్యాంపులో మేకులు సరిగ్గా కొట్టకపోతే ఒక గుడారం లేచి ముళ్ళకంచె మీద పడింది, అదృష్టం కొద్దీ లోపల ఎవరూ లేరు. ఇక్కడ అలా లేచిన గుడారం రన్‌వే మీద పడితే? అందుకే ప్రతి గుడారానికీ పొడుగు మేకులు, అదనపు తాళ్ళు. అక్కడ విండ్‌సాక్, అంటే గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డ గొట్టం ఉంది కదా, అది నేలకి సమాంతరంగా పూర్తిగా చాచుకుందంటే గాలి గంటకి కనీసం 28 కిలోమీటర్లు ఉన్నట్టు. అది చూసి వంటపొయ్యి ఆపాలా, తాళ్ళు బిగించాలా అని నిర్ణయించే డ్యూటీ రెండు గంటలకొకరిది. ఇంకో మాట, ఎయిర్‌పోర్ట్ బీకన్ రాత్రంతా ఆకుపచ్చ, తెలుపు వెలుగులు తిప్పుతూనే ఉంటుంది. గుడారాల తలుపులు దానికి వ్యతిరేక దిక్కుకి పెట్టకపోతే ఎవరికీ నిద్ర ఉండదు.

ఇక శనివారం పొద్దున అసలు పండగ. ఈఏఏ అని విమానాల మీద ప్రేమ ఉన్నవాళ్ళ సంఘం ఒకటి ఉంది. వాళ్ళు 1992 నుంచి యంగ్ ఈగల్స్ అని 8 నుంచి 17 ఏళ్ళ పిల్లల్ని ఉచితంగా విమానం ఎక్కిస్తున్నారు. ఇప్పటికి ఇరవై లక్షల మందికి పైగా పిల్లల్ని ఎక్కించారు. పైలట్లంతా వాలంటీర్లే, విమానం వాళ్ళదే. మా ట్రూప్ కోసం నలుగురు వస్తామన్నారు. ఎండ ఎక్కితే నేల వేడెక్కి గాలి కుదుపులు మొదలవుతాయి కాబట్టి పొద్దున్నే ఎగరాలి. స్కౌట్ల కౌన్సిల్ ఆఫీసుకి చెక్‌లిస్ట్, ప్రతి పిల్ల తల్లిదండ్రుల సంతకం, హెల్త్ ఫారం, అన్నీ ఫైల్లో పెట్టాను. రెండు సంతకాలు ఇంకా రావాలి.

ఒక చిన్న విషయం మాత్రం నన్ను చాలా ఆలోచింపజేసింది. చిన్న విమానంలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో బరువును బట్టి నిర్ణయిస్తారు, అంటే ప్రతి పిల్ల బరువూ చెప్పాలి. పదమూడు, పధ్నాలుగేళ్ళ ఆడపిల్లల్ని నలుగురి ముందు బరువు అడగడం ఏమిటి? నీ చెల్లెలు ఉపాయం చెప్పింది. ఇంట్లో చూసుకుని చీటీ మీద రాసి, మడిచి, పైలట్ చేతికే ఇస్తారు. ఆయన చూసి చింపేస్తాడు. అన్నట్టు నీ చెల్లెలు కూడా వస్తోంది. అమ్మాయిల క్యాంపులో ఇరవై ఒక్కేళ్ళు దాటిన, పేరు నమోదైన ఆడ లీడర్ తప్పకుండా ఉండాలి. స్కౌట్‌మాస్టరుకి తోడుగా ఇంకొకరుంటే బాగుంటుందని ఆన్‌లైన్ ట్రైనింగ్ పూర్తిచేసి పేరు రాయించుకుంది. గుడారంలో పడుకోవడం తనకి ఇదే మొదటిసారి.

వంట పూర్తిగా పిల్లలదే. శుక్రవారం రాత్రి చేరేసరికి చీకటి పడుతుంది, పొయ్యి వెలిగించే పని లేకుండా మా అమ్మాయి పాట్రోల్ పులిహోర పెట్టుకుంది. వాళ్ళ అమ్మమ్మ చెప్పినట్టు పులుసు ముందే ఉడికించి సీసాలో పెడుతుందట. ఒక పిల్లకి వేరుశనగ పడదు, ప్రాణం మీదికి వచ్చే ఎలర్జీ. ఆ పిల్ల తల్లిని అడిగి, పల్లీలు మానేసి శనగపప్పు, మినప్పప్పు మాత్రమే తాలింపు వేస్తున్నారు. నూనె కూడా మార్చారు. ఆ జాగ్రత్త మేం చెప్పింది కాదు, పన్నెండేళ్ళ పిల్ల ఒకతి మెనూ కాగితం మీద ఎర్రసిరాతో రాసి ఉంచింది.

వాన పడితే ఏం చేయాలో కూడా అనుకున్నాం. హ్యాంగర్లో కూర్చుని ఫోమ్ ప్లేట్లు కత్తిరించి గ్లైడర్లు చేస్తారు, పైలట్లు వాడే మ్యాపులు చదువుతారు. ఏవియేషన్ బ్యాడ్జికి అవీ లెక్కలోకి వస్తాయి. కానీ వాన పడకూడదని రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను.

ఇప్పుడు నీకు రెండు పనులు. ఒకటి, తాటాకు గిరక. మడత నాకు సగమే గుర్తుంది. ఇక్కడ తాటాకు దొరకదు, దళసరి కాగితంతో చేయిస్తాను. మీ బడిలో నీ స్కౌట్ యూనిట్ పిల్లల చేత ఒకటి చేయించి నెమ్మదిగా వీడియో తీసి పంపు. ప్రతి గుడారం ముందూ ఒక గిరక ఉండాలని నా కోరిక.

రెండోది దీనికంటే ముఖ్యం. రన్‌వే చివర్ల మీద పెద్ద అంకెలుంటాయి చూశావా? అవి దిక్కులురా బావా. దిక్సూచిలో ఆ దారి ఎన్ని డిగ్రీల వైపు చూస్తోందో, దాన్ని పదితో భాగిస్తే వచ్చే అంకె. ఇక్కడిది ఒక చివర 17, ఇంకో చివర 35, అంటే సుమారు 170 డిగ్రీలు, 350 డిగ్రీలు. ఇది తెలిసిన దగ్గర్నుంచి అమ్మాయి ఒకటే అడుగుతోంది, మీ రన్‌వే నంబరెంత నాన్నా అని. మనం అన్ని ఏళ్ళు అక్కడ పరిగెత్తి కూడా అది నాకు తెలియదు. వచ్చే ఆదివారం బండేసుకుని దొనకొండ వెళ్ళు. లోపలికి వెళ్ళనిస్తే రన్‌వే మధ్యలో నిలబడు, ఫోన్‌లో దిక్సూచి తెరిచి అది సాగిన వైపు సరిగ్గా పట్టుకో, అంకె చదివి నాకు పంపు. తర్వాత వెనక్కి తిరిగి రెండోవైపుదీ పంపు. బండి, ఇనుప సామాను దగ్గర్లో లేకుండా చూసుకో, లేకపోతే ముల్లు తప్పు చూపిస్తుంది. శుక్రవారం రాత్రి పులిహోర తిన్నాక మావయ్య పంపిన నంబరు తనే అందరికీ చెప్తానంటోంది. నవంబర్ 13వ తేదీ లోపల అందేలా చూడు.

నీ
బావ