పేటెంటు పత్రాలు మన షెడ్ల దాకా రావాలి

సంపాదకులకు నమస్కారం.

మా గుణుపురానికి పొద్దుటి బస్సులో వచ్చే మీ పత్రికను నేను చాలా ఏళ్లుగా చదువుతున్నాను. చింతపండు నుంచి పిక్కను వేరు చేసే యంత్రాన్ని కొందరు ఇంజనీరింగ్ విద్యార్థులు తయారు చేశారన్న వార్త ఇటీవల మీ జిల్లా పేజీలో వచ్చింది. ఫొటోతో పాటు, లోపల రోలర్లను ఎలా అమర్చారో, వాటి మధ్య ఎంత ఎడం ఉంచారో కూడా వివరంగా రాశారు. ఒడిశాలో ఉన్న తెలుగు పిల్లల పనిని అంత శ్రద్ధగా ప్రచురించినందుకు మీకు కృతజ్ఞతలు. అయితే ఆ వార్త చదివాక నాకు సంతోషంతో పాటు దిగులు కూడా కలిగింది. ఆ దిగులు ఎందుకో తెలియాలంటే ముందు నా అనుభవం చెప్పాలి.

నేను ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు బోధించి పదవీ విరమణ చేసినవాణ్ని. ఇంటి వెనుక రేకుల షెడ్డులో ఒక పాత లేతు, ఒక వెల్డింగు మిషను, ఒక డ్రిల్లు ఉన్నాయి. ఏటా ఫాల్గుణం వచ్చేసరికి కొండల మీది సవర ఊళ్ల నుంచి మా సంతకు చింతపండు దిగుతుంది. పిక్క తీసిన పండుకు మంచి ధర పలుకుతుంది కాబట్టి ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని, బండ మీద కాయ పెట్టి, చెక్క సుత్తితో ఒక్కొక్కటిగా కొట్టి, ఈనె లాగి, పిక్క తీస్తారు. మధ్యాహ్నమయ్యేసరికి పులుపుకు వాళ్ల గోళ్ల మొదళ్లు తెల్లబడి పగులుతాయి. ఆ చేతులు చూసే నేను రెండు రోలర్ల యంత్రం ఒకటి మొదలుపెట్టాను. రెండేళ్లు పట్టింది. ఖాళీగా తిప్పితే చక్కగా తిరిగేది. పండు వేసిన పావుగంటకే గుజ్జు రోలరుకు చుట్టుకుని, ఎడం పూడిపోయి, పిక్కలు పగిలి ఆ ముక్కలు పండులో కలిసిపోయేవి. పిక్క ముక్క ఒక్కటి పంటి కింద పడితే చాలు, ఆ పండును షావుకారు మళ్లీ ముట్టుకోడు.

పర్లాకిమిడిలో ఉండే మా మేనల్లుడు ఒక ఆదివారం వచ్చి, "మామయ్యా, దీని మీద ముందే ఎవరైనా రాశారేమో ఒకసారి చూద్దాం" అని ఫోను తెరిచాడు. భారత పేటెంటు కార్యాలయం వెబ్‌సైటులో వెతికితే గంటలోపే ఒక దరఖాస్తు దొరికింది. అందులో నా రెండు రోలర్ల అమరికే ఉంది, కానీ తన యంత్రంగా కాదు. ఇంతకు ముందు ఇలాంటి అమరిక ఉండేదని, దానిలో గుజ్జు చుట్టుకుంటుందని, పిక్క పగులుతుందని, అందుకే తాను వేరే పద్ధతి ప్రతిపాదిస్తున్నానని ఆ దరఖాస్తుదారు మొదటి పేజీలోనే రాశారు. నా రెండేళ్ల కష్టం ఫలితం అక్కడ మూడు వాక్యాల్లో ఉంది. ఆ మూడు వాక్యాలు ముందే చదివి ఉంటే నేను ఆ లోపం దగ్గర ఆగిపోకుండా అక్కడి నుంచే మొదలుపెట్టేవాణ్ని.

పేటెంటు అనగానే మనకు పెద్ద కంపెనీలు, కోర్టు వ్యాజ్యాలు, లాయర్లు గుర్తుకు వస్తారు. దానికి రెండో ముఖం ఉందని మన ప్రాంతంలో చాలామందికి తెలియదు. దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్ల పాటు ఆ వస్తువును ఇతరులు తయారు చేయకుండా, అమ్మకుండా ఆపే హక్కును ప్రభుత్వం ఇస్తుంది. అందుకు బదులుగా, ఆ పని తెలిసిన మరొకరు చదివి చేయగలిగేటంత వివరంగా మొత్తం పద్ధతిని, బొమ్మలతో సహా, లోకానికి వెల్లడించాలని షరతు పెడుతుంది. మామూలుగా 18 నెలలు నిండగానే దరఖాస్తు ప్రచురితమవుతుంది. అప్పటి నుంచి దాన్ని ఎవరైనా, ఎక్కడి నుంచైనా, పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. ఐరోపా పేటెంటు కార్యాలయం నడిపే ఎస్పాసెనెట్ అనే వెబ్‌సైటులో 15 కోట్లకు పైగా పత్రాలున్నాయి. చైనా, జపాన్ పత్రాలను కూడా అక్కడ యంత్రానువాదంలో ఇంగ్లీషులో చదవవచ్చు. దరఖాస్తు పెట్టాలంటే ఒడిశాలో ఉన్న మేము కోల్‌కతా కార్యాలయం కిందికి వస్తాం, రాష్ట్ర సరిహద్దు దాటితే పాతపట్నం వాళ్లు చెన్నై కిందికి వెళతారు. చదవడానికి మాత్రం ఆ సరిహద్దు లేదు.

ఎలా చదవాలో నేను మెల్లమెల్లగా నేర్చుకున్నాను. మొదట్లో చింతపండుకు ఉన్న ఇంగ్లీషు మాట పెట్టి వెతికేవాణ్ని, కొన్ని పత్రాలే వచ్చేవి. తర్వాత ప్రతి పత్రం మీదా ఒక వర్గీకరణ సంకేతం ఉంటుందని గమనించాను. ప్రపంచమంతటా పేటెంట్లను ఎ నుంచి హెచ్ దాకా ఎనిమిది విభాగాలుగా, వాటిని మళ్లీ వేల చిన్న గదులుగా పంచి పెట్టారు. పండు నుంచి పిక్క తీసే యంత్రాలన్నీ "ఎ23ఎన్ 4" అనే గదిలో ఉంటాయి. ఆ గది తెరిచాక నా కళ్లు తెరుచుకున్నాయి. ఖర్జూరం, ఆలివ్, చెర్రీ, పీచ్, రేగు జాతి పండ్ల పిక్క తీయడానికి వందేళ్లకు పైగా ఎన్ని దేశాల మెకానిక్కులు ఎన్ని దారులు తొక్కారో అక్కడ వరసగా కనిపిస్తుంది. మన చింతకాయ లాగే ఖర్జూరం కూడా జిగురుగా ఉండే పండే. జిగురు పండును లోహానికి అంటకుండా పట్టుకోవడం ఎలా, పిక్కను కొట్టకుండా నెట్టడం ఎలా అని ఆలోచించిన మనిషికి చింతపండు అన్న మాటే తెలిసి ఉండదు, అయినా అతని జవాబు మనకు పనికి వస్తుంది. జీడిపిక్క కొట్టే యంత్రాలు పక్కనే "ఎ23ఎన్ 5"లో ఉన్నాయి. పలాస, కాశీబుగ్గ వైపు జీడి పని చేసేవాళ్లు ఆ గది చూడాలని నా కోరిక.

ప్రతి పత్రంలోనూ నేను ముందు చదివేది నేపథ్యం భాగం. పాత యంత్రాల్లో ఏది సరిగా లేదో దరఖాస్తుదారు సాధారణంగా అక్కడ చెప్పుకుంటారు. అలాంటి ఇరవై పత్రాల నేపథ్యాలు వరసగా చదివి, ఏ ఫిర్యాదు ఎన్నిసార్లు వచ్చిందో నోటుబుక్కులో గీతలు పెట్టుకుంటూ పోతే, ఇంకా తీరని బాధ ఏదో తేలుతుంది. కొత్త వస్తువుకు ఆలోచన పుట్టేది అక్కడే. చింతపండు విషయంలో నా పుస్తకంలో ఎక్కువ గీతలు తేమ దగ్గర పడ్డాయి. రోలరు ఆకారం మార్చడం కన్నా ముందు, పండును ఏ మేరకు ఆరబెట్టి యంత్రంలో వేయాలన్నది అసలు ప్రశ్న అని నాకు అర్థమైంది. ఇప్పుడు నేను యంత్రాన్ని పక్కన పెట్టి చిన్న ఆరబెట్టే పెట్టె చేస్తున్నాను.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. సోవియట్ దేశంలో ఆల్ట్‌షుల్లర్ అనే ఇంజనీరు 1946 నుంచి పేటెంటు పత్రాలను వేల సంఖ్యలో పరిశీలించి, వేర్వేరు రంగాల్లోని ఆవిష్కర్తలు తమకు తెలియకుండానే కొన్ని ఉపాయాలనే మళ్లీ మళ్లీ వాడుతున్నారని గుర్తించారు. ఆ ఉపాయాలను చివరకు 40 సూత్రాలుగా కూర్చారు. పనిని కొంత ముందుగానే చేసి పెట్టుకోవడం ఒకటి, ఉన్నదాన్ని తారుమారు చేసి చూడటం మరొకటి. ఆరబెట్టడం ముందుగా చేసి పెట్టుకోవడమే కదా!

పిక్క తీశాక ఆ పిక్క ఏమవుతుంది? మా సంతలో దాన్ని బస్తాలకెత్తి చవగ్గా అమ్మేస్తారు. దాని పొడిని నూలుకు, జనపనారకు గంజి పెట్టడానికి వాడతారని పెద్దలకు తెలుసు. అదే చింతపిక్క నుంచి తీసిన జిగురు పదార్థంతో పొడిబారిన కళ్లకు చుక్కల మందు తయారు చేయవచ్చని ఇటలీ పరిశోధకులు 1990లలోనే పేటెంటుకు దరఖాస్తు చేశారు. మనం కంటి మందు తయారు చేయాలని నేను అనడం లేదు, దానికి వేరే అనుమతులు, ప్రయోగశాలలు కావాలి. కానీ పిక్కను పగలకుండా, పై తొక్క వేరు చేసి, శుభ్రంగా గ్రేడు చేసి అమ్మగలిగితే కొనేవాళ్లు గంజి మిల్లు ఒక్కటే కాదని ఆ పత్రం చెబుతోంది. ఆ పత్రం చదివేదాకా నేనూ పిక్కను చెత్తగానే చూశాను.

సేవల విషయంలో చదివే తీరు కొంచెం మారాలి. మన చట్టంలో వ్యాపార పద్ధతికి పేటెంటు ఇవ్వరు, కాబట్టి సేవ ఆలోచన నేరుగా పత్రంలో దొరకదు. ఒక రకం యంత్రాల మీద దరఖాస్తులు ఏటేటా పెరుగుతుంటే, కొన్నాళ్లకు వాటి బ్లేడు మార్చేవాడు, సీజనుకు అద్దెకిచ్చేవాడు, నడపడం నేర్పేవాడు కావాలని ముందుగానే ఊహించవచ్చు. రాయగడలో గాని జయపురంలో గాని పెట్టుబడి లేని యువకులకు ఇది యంత్రం తయారు చేయడం కన్నా దగ్గర దారి అని నా అభిప్రాయం.

జాగ్రత్తలూ ఉన్నాయి, వాటిని దాచడం మోసమవుతుంది. పత్రంలో ఉన్నదంతా పనిచేస్తుందని గాని, అమ్ముడవుతుందని గాని హామీ లేదు. ఎవరూ దరఖాస్తు చేయని ఖాళీ కనిపిస్తే అది అవకాశం కావచ్చు, ఎవరికీ అక్కర్లేనిది కూడా కావచ్చు. అది తేల్చేది సంతలో కూర్చున్న మనిషే. అన్నిటికన్నా ముఖ్యం, ఆ పేటెంటు ఇప్పుడు అమలులో ఉందా లేదా అని చూడటం. హక్కు ఇచ్చిన దేశంలోనే అది చెల్లుతుంది. భారతదేశంలో దరఖాస్తు చేయని విదేశీ ఉపాయాన్ని ఇక్కడ వాడుకోవచ్చు, ఆ వస్తువును పేటెంటు ఉన్న దేశానికి ఎగుమతి చేయకూడదు. 20 ఏళ్లు నిండినవీ, వార్షిక రుసుము కట్టక రద్దయినవీ అందరి సొత్తు. రద్దయిన దాన్ని 18 నెలల్లోపు పునరుద్ధరించుకునే వీలు హక్కుదారుకు ఉంది కాబట్టి ఆ గడువు కూడా చూసుకోవాలి. అమలులో ఉన్నదాన్ని చదివి నేర్చుకోవచ్చు గాని, తయారు చేసి అమ్మితే చిక్కు తప్పదు.

ఇప్పుడు నా దిగులు చెబుతాను. దరఖాస్తు పెట్టకముందే ఆవిష్కరణ పత్రికలో వివరంగా అచ్చయితే అది లోకానికి తెలిసిపోయినట్టే. తర్వాత పేటెంటు అడిగితే కొత్తదనం లేదని తిరస్కరించవచ్చు. ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనల వంటి కొన్నిటికే 12 నెలల మినహాయింపు ఉంది, ఊళ్లో జరిగే ప్రదర్శనకు అది వర్తించకపోవచ్చు. ఆ విద్యార్థులు ముందే దరఖాస్తు పెట్టి ఉంటే నా భయం వృథా, అలా జరిగి ఉండాలనే కోరుకుంటున్నాను. వ్యక్తులకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము 1,600 రూపాయలే. మొదట తాత్కాలిక వివరణ ఇచ్చి, 12 నెలల్లోపు పూర్తి వివరణ ఇవ్వవచ్చు.

అదే అచ్చు మరోచోట మనకు కవచం. గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై 1995లో అమెరికాలో మంజూరైన పేటెంటును మన ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్ఐఆర్ సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. అప్పుడు చూపిన ఆధారాల్లో పాత సంస్కృత గ్రంథాలతో పాటు 1953లో ఒక భారతీయ వైద్య పత్రికలో అచ్చయిన వ్యాసం కూడా ఉంది. సవర, కోదు గిరిజనుల సంప్రదాయ జ్ఞానం మీద ఎవరో హక్కు రాయించుకుంటారేమో అని మా కొండల్లో నిజంగా భయం ఉంది. మన చట్టంలోని 3(పి) క్లాజు ప్రకారం సంప్రదాయ జ్ఞానానికి పేటెంటు ఇవ్వకూడదు. మంజూరుకు ముందు ఎవరైనా అభ్యంతరం తెలపవచ్చు కూడా. కానీ అభ్యంతరం చెప్పాలంటే దరఖాస్తు వచ్చిందని తెలియాలి, తెలియాలంటే ఎవరో ఒకరు చదువుతూ ఉండాలి.

అందుకే మీకు రెండు విన్నపాలు. విద్యార్థుల యంత్రాల గురించి రాసే ముందు, దరఖాస్తు పెట్టారా అని మీ విలేకరులు ఒక్క మాట అడగాలి. పెట్టకపోతే యంత్రం చేసే పని మాత్రం రాసి, లోపలి అమరిక వదిలేయాలి. రెండోది, వారానికి ఒక్కటి చొప్పున, గడువు తీరిన లేదా మన దేశంలో దాఖలు కాని ఒక పేటెంటును ఎంచుకుని, అందులో ఏముందో, దాన్ని మన జిల్లాల్లో ఎవరు వాడుకోవచ్చో సరళమైన తెలుగులో ఒక బొమ్మతో ప్రచురించాలి. పేటెంటు కార్యాలయం దరఖాస్తులను ఇంగ్లీషులో గాని హిందీలో గాని తీసుకుంటుంది కాబట్టి అవి తెలుగులో దొరకవు. బడిలో ఒడియా చదివి ఇంట్లో తెలుగు మాట్లాడే మా ఫిట్టరు కుర్రాడికి ఆ భాషే పెద్ద గోడ. బొమ్మ చూపించి తెలుగులో చెబితే వాడు నాకన్నా త్వరగా పట్టుకుంటాడని షెడ్డులో రోజూ చూస్తున్నాను.

మీరు చోటిస్తే మొదటి నాలుగు వారాలకు సరిపడా రాసి పంపుతాను. ఖర్జూరం పిక్క తీసే ఒక పాత యంత్రం గురించి ఇప్పటికే బొమ్మ గీసి సిద్ధం చేశాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఐటీఐ శిక్షకుడు,
గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా.