అమ్మిన సౌకర్యాన్ని లాక్కుంటే అడిగేదెవరు?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం గేమ్ కన్సోళ్ల హ్యాకింగ్ మీద మీరు వేసిన వ్యాసం గురించి ఇది. సోనీ కంపెనీ గేమ్ కన్సోల్ ప్లేస్టేషన్ 3 గొడవంతా హ్యాకర్ల వల్లే వచ్చిందని, కంపెనీకి వేరే దారి లేకపోయిందని మీ రచయిత తేల్చేశారు. డబ్బు పెట్టి కొన్నవాళ్ల గోడు అందులో ఒక్క ముక్క కూడా లేదు.

2006లో ఆ కన్సోల్‌ను అమ్మకానికి పెట్టినప్పుడు అందులో లైనక్స్ (కంప్యూటర్‌ను నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్) కూడా వేసుకోవచ్చని చెప్పింది సోనీయే. ‘అదర్ ఓఎస్’ అన్న ఆ సౌకర్యాన్ని చూసి కొన్నవాళ్లున్నారు. 2010 జనవరిలో జార్జ్ హాట్జ్ అనే కుర్రాడు దాని సాయంతో కన్సోల్ రక్షణను ఛేదించానని ప్రకటించాడు. ఏప్రిల్ 1న 3.21 అప్‌డేట్ తెచ్చి కంపెనీ ఆ సౌకర్యాన్నే పీకేసింది. ఇష్టం లేనివాళ్లు అప్‌డేట్ చేసుకోనక్కర్లేదంది. చేసుకోకపోతే ఆన్‌లైన్‌లో ఆడుకోవడం బంద్, కొత్తగా వచ్చే ఆటలూ నడవవు. ఏ దారిన పోయినా నష్టపోయేది కొన్నవాడే.

పోనీ, దానివల్ల భద్రత పెరిగిందా? అదే ఏడాది డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన హ్యాకర్ల సదస్సులో ఒక బృందం అసలు లోపాన్ని బయటపెట్టింది. సాఫ్ట్‌వేర్ తనదేనని గుర్తుగా కంపెనీ పెట్టే డిజిటల్ సంతకం చేసిన ప్రతిసారీ మారాల్సిన సంఖ్యను మార్చకుండా ఒకటే వాడింది. ఇందులో లైనక్స్ వాడుకున్నవాళ్ల తప్పేముంది? 2011 ఏప్రిల్‌లో సోనీ ఆన్‌లైన్ ఆటల సేవ అయిన ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లోకి దొంగలు చొరబడ్డారు. 7.7 కోట్ల ఖాతాల వివరాలు, అంటే పేర్లు, చిరునామాలు, పుట్టిన తేదీలు, పాస్‌వర్డ్‌లు ప్రమాదంలో పడ్డాయి. 20న నెట్‌వర్క్ ఆపేసినవాళ్లు ఖాతాదారులకు ఈ సంగతి చెప్పింది 26న! ఈ దాడిని ఆపగలిగి ఉండేవారని చెప్పి వ్యక్తిగత వివరాల రక్షణ చూసే బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం 2013లో 2.5 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. అదర్ ఓఎస్ పోగొట్టుకున్నవాళ్లు అమెరికాలో 2010లో వేసిన కేసు 2018లో 37.5 లక్షల డాలర్ల రాజీతో ముగిసింది. అన్నేళ్లు ఎవరు తిరగగలరండీ?

మన దగ్గర ఆ మాత్రం కూడా జరగదు. మా టీవీతో పాటు వచ్చిన ఒక యాప్ అప్‌డేట్ తర్వాత మాయమైంది. షోరూమ్‌లో అడిగితే షరతులకు మీరే ఓకే నొక్కారన్నారు. ఏమిటీ దబాయింపు? కాటాలో వంద గ్రాములు తగ్గితే తూనికలు, కొలతల శాఖ వాళ్లు కేసు రాస్తారు, మంచిదే. అమ్మేశాక వస్తువులోంచి సగం తీసేసుకుంటే అది ఏ శాఖకూ పట్టదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ‘అన్యాయమైన ఒప్పందం’ (కొన్నవాడికి నష్టం చేసే ఏకపక్ష షరతులు) అన్న మాట చేర్చారు. కానీ దాని కింద ఫిర్యాదు చేయాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్ సరిపోదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. ఒక్క యాప్ కోసం లాయర్‌ను పెట్టుకుని అంతదూరం ఎవరు వెళతారు? చట్టం రాసిన అధికారులకు ఇది తట్టలేదా?

చెప్పి అమ్మిన సౌకర్యాన్ని తీసేస్తే ఆ మేరకు డబ్బు వెనక్కివ్వాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ స్పష్టంగా నిబంధన పెట్టాలి. సౌకర్యం ఎన్నేళ్లు ఉంటుందో పెట్టె మీదే అచ్చు వేయించాలి. ఇలాంటి ఫిర్యాదులను జిల్లా కమిషన్లే విచారించేలా చట్టాన్ని సవరించాలి. మీ పత్రిక కూడా ఈసారి ఈ విషయం మీద రాసేటప్పుడు కొన్నవాళ్లను అడిగి రాయాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, హనుమకొండ