గుండమ్మ ఇల్లు వెతుక్కుంటూ: మన పాత సినిమాల సంఘం 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ నివేదిక ఏప్రిల్‌లోనే మీ చేతికి రావాల్సింది. రాలేదంటే తప్పు కార్యదర్శిది, అంటే నాదే. లెక్కలు కోశాధికారిగారు ఉగాదికే కట్టి ఇచ్చేశారు. రాయాల్సినదాన్ని మాత్రం నేను చింతపండు నానబెట్టినట్టు నానబెట్టి కూర్చున్నాను.

ముందు మామూలు సంగతులు. తిరుపతి కొర్లగుంటలో మన సభ్యులొకరి మేడమీద నెలకొక సినిమా వేశాం. పన్నెండింటిలో పదకొండు జరిగాయి, డిసెంబరులో వాన ఒకదాన్ని మింగేసింది. తెరగా కడుతున్న పాత దుప్పటికి చిరుగు పడి, కథానాయిక ముఖం ఎప్పుడు ఎడమవైపుకి వచ్చినా గాటు కనబడుతోందని ఫిర్యాదులొచ్చాయి. కొత్త గుడ్డ కొని అంచులు కుట్టించాం. ఆరుగురు కొత్తవాళ్లు చేరారు. వాళ్లలో నలభై ఏళ్లలోపు వాళ్లు ఇద్దరే. ఆ ఇద్దరినీ పెద్దవాళ్లు ప్రశ్నలతో బెదరగొట్టొద్దని మనవి.

ఇక అసలు సంగతి. ఈ ఏడాదంతా ‘గుండమ్మ కథ’కే ఇవ్వాలని నిరుడు సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. అందులో అల్లుడిగా వేసిన అక్కినేని నాగేశ్వరరావు పుట్టింది 1924 సెప్టెంబరు 20న, అత్త గుండమ్మగా వేసిన సూర్యకాంతం పుట్టింది అదే ఏడాది అక్టోబరు 28న. ఇద్దరికీ నూరేళ్లు ఈ ఏడాదే నిండాయి. ఈ తేదీలు బోర్డు మీద రాస్తుంటే వెనక వరసలోంచి మన టీచరమ్మ లేచి, “అయితే అత్తకంటే అల్లుడే నెల పెద్దనా?” అన్నారు. అంతవరకూ మాకెవరికీ తట్టలేదు. ఇంకో అల్లుడు రామారావు పుట్టింది 1923 మే 28న. ఆయనైతే అత్తకంటే ఏడాదిన్నర పెద్ద. ఆ లెక్కన 1962 జూన్ 7న సినిమా విడుదలయ్యేనాటికి గుండమ్మకు ముప్ఫయ్యెనిమిదేళ్లు కూడా నిండలేదు! ఇక ఆ అల్లుళ్లిద్దరికీ తండ్రిగా వేసిన ఎస్వీ రంగారావు పుట్టింది 1918లో, పెద్దకొడుకుకంటే అయిదేళ్లే ముందు. మేకప్పు డబ్బాతో ఎవరైనా వయసు పెంచుకోవచ్చు. కానీ ముప్ఫై ఏడేళ్ల మనిషి నడుం మీద చెయ్యి పెట్టి ఒక్క చూపు చూస్తే హాల్లో ఉన్న కోడళ్లందరూ సర్దుకుని కూర్చున్నారంటే, అది డబ్బాలోంచి వచ్చిందని నేను నమ్మను.

సెప్టెంబరు ప్రదర్శన తర్వాత మన సంఘంలో అందరికంటే పెద్దాయన తన చిన్ననాటి సంగతి చెప్పారు. ఆయనది నారాయణవనం పక్క పల్లె. సినిమా పట్నాల్లో ఆడి, అరిగి, ఎన్నో నెలలకు గానీ వాళ్ల దగ్గరి డేరా టాకీసుకు రాలేదట. బండి కట్టుకుని పోయారు. ప్రొజెక్టరు ఒక్కటే కాబట్టి రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి, వెలిగినప్పుడల్లా బొరుగులు, చెనిక్కాయలు అమ్మేవాడు తిరిగేవాడు. “సవతికూతురు లక్ష్మిని గుండమ్మ తిట్టేటప్పుడు మా యమ్మ నేలమీద ఇసక పిడికిట పట్టుకునింది నాయనా. రీలు అయిపోయినా యిడవలే,” అన్నారు. ఆ మాటకు కాసేపు మేడమీద ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఎవరో టీ అడిగారు.

సూర్యకాంతం నూరో పుట్టినరోజు సోమవారం పడింది. అయినా సాయంత్రం ముప్ఫైమందికి పైగా వచ్చారు. ఆ రోజుకి రుబ్బురోలు పోటీ పెట్టాం. సినిమాలో సావిత్రితో కలిసి పిండి రుబ్బుతూ రామారావు పాడే ‘లేచింది నిద్ర లేచింది మహిళాలోకం’ పాట మీకందరికీ కంఠతా వచ్చు. ఆయనకది నూరో సినిమా, నాగేశ్వరరావుకు తొంభై తొమ్మిదోది. నూరో సినిమాకి కిరీటం అడగకుండా నిక్కరు తొడుక్కుని రోలు ముందు కూర్చున్న హీరో మళ్లీ పుట్టలేదని మా ఉపాధ్యక్షులవారి వాదన. ఆయన వాదించని సంగతి లేదు గానీ, ఇందులో నేను ఆయన పక్షమే.

తిరుచానూరులో ఒక సభ్యుల పెరట్లో పడున్న రోలును ట్రాలీ ఆటోలో తెచ్చి నలుగురు కలిసి మేడమీదికి ఎక్కించారు. మనిషికి అయిదు నిమిషాలు, గిద్దెడు నానబెట్టిన ఉద్దిపప్పు. పడుచువాళ్లు బలమంతా చేతుల్లోకి తెచ్చి పొత్రం గిరగిరా తిప్పారు. పిండి రోలు అంచు దాటి చొక్కాల మీద పడింది. నేనూ కూర్చున్నాను. రెండో నిమిషంలో పొత్రం నా వేలిని రోలు గోడకి అదిమింది, గోరు ఇప్పటికీ నల్లగానే ఉంది. ఆఖరున ఒక సభ్యుల తల్లిగారు, డెబ్బై దాటినావిడ, కొంగు దోపుకుని కూర్చున్నారు. ఆవిడ కుడిచేయి తిరగడం మాకు పెద్దగా కనబడనే లేదు. పొత్రం దానంతటదే తిరుగుతున్నట్టుంది. ఎడమచేయి మాత్రం ప్రతి చుట్టుకీ పొత్రానికి అరక్షణం ముందు గుంటలోకి దిగి, పిండిని లోపలికి తోసి, బయటికి వచ్చేస్తోంది. చప్పుడు కూడా వేరు. మాది గరగర, ఆవిడది గుప్పుగుప్పు. అయిదు నిమిషాలయ్యాక వేలితో కొంచెం పిండి తీసి నీళ్ల చెంబులో వేశారు. అది తేలింది. బహుమతిగా స్టీలు గిన్నె ఇస్తే, “ఇది మా యింట్లో పది ఉండాయి” అంటూనే తీసుకున్నారు. ఆ పిండితో వేసిన వడలు కార్యవర్గం చేతికి అందకముందే అయిపోయాయి.

ఇప్పుడు ఫిబ్రవరి యాత్ర గురించి రాయాలి. దీని మీద సంజాయిషీ ఇవ్వాలని ముగ్గురు సభ్యులు లిఖితపూర్వకంగా అడిగారు కాబట్టి వివరంగానే రాస్తాను.

సినిమా తీసిన చోట్లు చూడాలనే ఆలోచన నాది. గుండమ్మగారి ఇల్లు, ఆ వసారా, లక్ష్మి బట్టలుతికిన పెరడు, ఇవన్నీ ఎక్కడో ఉండే ఉంటాయని మనసులో పడిపోయింది. పడిపోయినదాన్ని ఎవరినీ అడక్కుండా వ్యానుకి బయానా ఇచ్చేశాను. ఇచ్చాక ఉపాధ్యక్షులవారు చల్లగా చెప్పారు: ఆ ఇల్లు ఏ ఊళ్లోనూ లేదు. మద్రాసు వడపళనిలో వాహినీ స్టూడియోలో వేసిన సెట్టు అది. గోఖలే, కళాధర్ కళాదర్శకత్వంలో కట్టిన గోడలకి ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే వెలుతురు పడితే, అరవై ఏళ్లుగా మనం దాన్ని ఇల్లే అనుకుంటున్నాం. అసలు బయటి ఊళ్లకు పోయి తీయడమంటే నిర్మాత చక్రపాణికి గిట్టదని, ఆ విసురులోంచే పాటల రచయిత పింగళి ‘ప్రేమ యాత్రలకు బృందావనము నందనవనము ఏలనో’ పాట కట్టారని సినిమావాళ్లు చెప్పుకుంటారు. అంటే లొకేషన్లు ఎందుకని ఎగతాళి చేసిన సినిమాకి లొకేషన్లు వెతుక్కుంటూ పద్దెనిమిదిమందికి టికెట్లు కట్టాం. కొందరు వెనక్కి తగ్గుదామన్నారు. బయానా వెనక్కి రాదని తెలిశాక అందరూ వస్తామన్నారు.

రెండో శనివారం తెల్లవారుజామున అయిదున్నరకి లీలామహల్ సర్కిల్ దగ్గర కలుసుకున్నాం. సినిమా హాలు పేరు మోస్తున్న కూడలి నుంచి బయల్దేరడం కనీసం శకునానికి బాగుందని తృప్తి. రేణిగుంట, వడమాలపేట, పుత్తూరు, నగరి, తిరుత్తణి. పులిహోర, పెరుగన్నం, చెనిగ్గింజల ఊరిబిండి సభ్యులే తెచ్చారు. దారి పొడవునా సినిమా ప్రశ్నలు అడుగుతూ పోయాం. కన్నడంలో విఠలాచార్య 1958లో తీసిన ‘మనె తుంబిద హెణ్ణు’ దీనికి మూలమని సగంమందికి తెలుసు. ‘గుండమ్మ కథ’ వచ్చిన 1962లోనే ఇదే కథను తమిళంలో చక్రపాణే దర్శకుడిగా తీస్తే, తెలుగులో రామారావు వేసిన అంజి వేషం జెమినీ గణేశన్ వేశాడన్న సంగతి ఇద్దరికే తెలుసు.

వడపళనిలో ఆర్కాటు రోడ్డు మీద దిగాం. ఒకప్పుడు స్టూడియో ఫ్లోర్లు పరుచుకుని ఉన్న నేల మీద ఇప్పుడు విజయా ఆసుపత్రి, దాని పక్కన పెద్ద మాల్ ఉన్నాయి. ఆసుపత్రి ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటే బాగుండదని మాల్‌లోకి వెళ్లాం. చల్లగా ఉంది. పై అంతస్తులో కాఫీ తాగుతూ, గుండమ్మ వంటిల్లు ఎక్కడుండేదని గొడవ మొదలైంది. ఒకాయన ఎస్కలేటర్ దగ్గర అన్నారు. టీచరమ్మ కాదు, చెప్పుల కొట్టు వైపు అన్నారు. ఇద్దరి దగ్గరా ఆధారం లేదు, ఇద్దరూ తగ్గలేదు. ఆఖరికి పెద్దాయన కుర్చీ జరుపుకుని, “నేనిక్కడ కూచున్నా, ఇదే వసారా” అని తేల్చేశారు. మేమంతా ఆయన చుట్టూ చేరి ఫొటో దిగాం. పక్క బల్ల మీద కాలేజీ పిల్లలు ఎవరి పుట్టినరోజో అనుకుని చప్పట్లు కొట్టారు. యాత్ర మొత్తంలో నాకు గుర్తుండిపోయింది ఇదే.

తర్వాత అదే వడపళనిలో ఏవీఎం మ్యూజియం చూశాం. పాత కార్లు, కెమెరాలు బాగున్నాయి. మురుగన్ గుడికి కూడా వెళ్లాం. దర్శనం త్వరగా అయింది.

తిరుగు ప్రయాణంలో ఒక సభ్యులు వ్యాను మెట్టు దిగబోయి మడమ మెలేసుకున్నారు. దారిలో పుత్తూరు ఎలాగూ తగులుతుంది కాబట్టి పెద్దగా ఎవరూ కంగారుపడలేదు. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలతో పుత్తూరు కట్టు కట్టించుకుని, మార్చి ప్రదర్శనకి ఆయనే అందరికంటే ముందు మెట్లెక్కి వచ్చారు. సంఘం తరఫున ఖర్చు ఇవ్వబోతే వద్దన్నారు.

నగరి దాటాక, చీకట్లో, దేవస్థానంలో పనిచేసి రిటైరైన సభ్యులు ఒక మాట అన్నారు. విజయా సంస్థలో చక్రపాణికి జోడీ అయిన బి. నాగిరెడ్డి మన సీమవారే, కడప జిల్లా పొట్టిపాడు ఆయనది. 1980ల మొదట్లో ఆయన తి.తి.దే. ధర్మకర్తల మండలి అధ్యక్షులుగా ఉన్నారు. కొండ మీద వైకుంఠం క్యూ కాంప్లెక్సు ఆయన హయాంలో వచ్చిందే. వేలమందిని ఒక చోట కూర్చోబెట్టి, వరస తప్పకుండా లోపలికి పంపడం స్టూడియో నడిపినవాడికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుందని ఆ సభ్యుల అభిప్రాయం. వెనక సీట్లోంచి ఎవరో, “అట్లయితే ఇన్నేండ్లుగా మనం గంటలు గంటలు లొకేషన్‌లోనే కూచోనుండాం గదప్పా!” అన్నారు. రేణిగుంట దాకా నవ్వుతూనే ఉన్నాం. ముందే తెలిసి ఉంటే వ్యాను బయానా మిగిలేది, నిజమే. ఆ మాట కూడా మినిట్స్‌లో రాయించారు.

లెక్కల వివరాలు నోటీసు బోర్డుకి అంటించాం. క్లుప్తంగా చెప్పాలంటే చందాలు మేడమీద ఖర్చులకు సరిపోయాయి, యాత్ర మాత్రం వెళ్లినవాళ్ల జేబులోంచే. స్పీకరు ఒకటి మూగబోయింది, బాగుచేయించాలి. పాత పాటల పుస్తకాలు తీసుకెళ్లి తిరిగివ్వనివాళ్ల పేర్లు ఈసారికి రాయడం లేదు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ప్రతిపాదన చిత్తూరు నాగయ్య. పుట్టింది గుంటూరు వైపు అయినా, చిత్తూరు రామవిలాస సభలో నాటకాలాడి ఆ ఊరి పేరే ఇంటిపేరు చేసుకున్న మనిషి. చిత్తూరు ఇక్కడికి డెబ్బై కిలోమీటర్లే, బస్సు చాలు. ఈసారి ఏం చూడొచ్చో ముందుగా కనుక్కునే పని ఉపాధ్యక్షులవారికి అప్పజెప్పాం.

సర్వసభ్య సమావేశం వచ్చే ఆదివారం సాయంత్రం అయిదింటికి, అదే మేడమీద. తిరుచానూరు రోలు అక్టోబరు నుంచీ అక్కడే ఉంది, ఇంటివాళ్లు రెండుసార్లు మర్యాదగా గుర్తుచేశారు. సమావేశం అయ్యాక కాస్త ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లు నలుగురు ఆగాలి. ట్రాలీ ఆటో నేను చెప్పి ఉంచుతాను.

ఇట్లు,
కార్యదర్శి
తిరుపతి