మా చేతులకు నేర్పించండి, మంత్రిగారూ

గౌరవనీయులైన ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇది నేను రాస్తున్న నాలుగో ఉత్తరం. మొదటిదానికి ‘అందింది’ అని ఒక కాగితం వచ్చింది. రెండోదానికి ‘సంబంధిత విభాగానికి పంపించాం’ అన్నారు. మూడోదానికి అదీ లేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. మిమ్మల్ని నొప్పించాలని కాదు, వేరే దారి కనిపించక.

టీచర్లకు ప్రథమ చికిత్స శిక్షణ గురించి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మీ చేతుల మీదుగా మొదలైందే. మా వంతు వచ్చిన రోజు 140 మందిమి ఒక హాల్లో కూర్చున్నాం. తెర మీద స్లైడ్లు వేశారు. గొంతుకు ఏదైనా అడ్డం పడితే ఏం చేయాలో ఒకటి, ముక్కు నుంచి రక్తం కారితే ఏం చేయాలో ఇంకొకటి. ఒక్కొక్కటీ నిమిషం కూడా నిలబడలేదు. చేసి చూడటానికి డమ్మీ ఒక్కటీ లేదు. ‘తర్వాత ప్రతి బడికీ ఒకటి పంపుతాం, చేత్తో చేయిస్తాం’ అన్నారు. సంతకాలు పెట్టాం, సర్టిఫికెట్లు తీసుకున్నాం, ఇళ్లకొచ్చాం. ఆ ‘తర్వాత’ ఇంకా రాలేదు.

ఆ సర్టిఫికెట్ ఉన్న నేను ఏం చేశానో చెప్తాను. లెక్కల పీరియడ్‌లో నాలుగో తరగతి పాప నోటుపుస్తకం మీద రెండు చుక్కల రక్తం పడింది. తలెత్తి చూసేసరికి గౌను ముందంతా ఎరుపు. కంగారులో పాపను బెంచీ మీద వెల్లకిలా పడుకోబెట్టి తల వెనక్కి వాల్చాను. బయటికి కారడం ఆగింది, తగ్గిందనుకున్నాను. తగ్గలేదండీ, లోపలికి పోతోంది. కాసేపటికి పాప గడ్డలు గడ్డలుగా రక్తం కక్కుకుంది. ఆ పసిదాని కళ్లలో భయం నాకిప్పటికీ కనిపిస్తుంది.

ఆస్పత్రిలో డాక్టరుగారు నన్ను ఒక్క మాట అనలేదు. నా వేళ్లు పట్టుకుని చూపించారు. కూర్చోబెట్టాలి, తల కాస్త ముందుకు వంచాలి, ఎముక కింద మెత్తగా ఉండే చోట ముక్కు రెండు వైపులా గట్టిగా నొక్కి పట్టాలి, నోటితో గాలి పీల్చుకోమనాలి. 10 నుంచి 15 నిమిషాలు వదలకూడదు. తగ్గిందేమోనని నిమిషానికోసారి తీసి చూడటమే మనం చేసే తప్పట. ముక్కు రక్తం చాలావరకు ముందు వైపు, రెండు రంధ్రాల మధ్య గోడ మీదుండే సన్నటి రక్తనాళాల నుంచే వస్తుంది కాబట్టి ఆ నొక్కుడుకే ఆగిపోతుంది. అరగంటైనా ఆగకపోతే, తలకు దెబ్బ తగిలాక మొదలైతే, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు వస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఇదంతా చెప్పడానికి ఆయనకు ఐదు నిమిషాలు పట్టింది. నాకు స్లైడ్‌లోది ఒక్కటీ గుర్తురాలేదు, ఆ ఐదు నిమిషాలు మాత్రం జన్మలో మర్చిపోను.

ఆ గండం భయంతోనే పోయింది. రెండోది అలా కాదు. భోజనాల వేళ ఏడేళ్ల పిల్లవాడు గట్టి చాక్లెట్ బిళ్ళ నోట్లో పెట్టుకుని పకపకా నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో ఆగిపోయింది. దగ్గు లేదు, ఏడుపు లేదు, అసలు చప్పుడే లేదు. రెండు చేతులూ గొంతు మీద పెట్టుకుని, నోరు తెరిచి మమ్మల్నే చూస్తున్నాడు. పెదాలు నీలంగా మారుతున్నాయి. ఒకరు నీళ్లు పట్టించబోయారు. ఇంకొకరు నోట్లో వేలు పెట్టబోయారు. అలా కనిపించనిదాన్ని వేలితో వెతికితే ఇంకా లోపలికి దిగుతుందని తర్వాత తెలిసింది. నేను వాడి పేరు పెట్టి పిలుస్తూ నిలబడిపోయాను.

మా ఆయమ్మ పరుగెత్తుకొచ్చింది. వాణ్ని ముందుకు వంచి, వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేత్తో ఐదుసార్లు చరిచింది. రాలేదు. వెనక మోకాళ్ల మీద కూర్చుని, బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి, రెండో చేత్తో దాన్ని పట్టుకుని, లోపలికీ పైకీ గుంజింది. మూడో గుంజుకి బిళ్ళ ఎగిరి నేల మీద దొర్లింది. వాడు బావురుమన్నాడు. కడుపు నొక్కాక డాక్టరుకు చూపించాలని కూడా ఆమే చెప్పింది.

ఆయమ్మ అంతకుముందు ఒక వృద్ధాశ్రమంలో పనిచేసింది. అక్కడొక నర్సమ్మ దగ్గరుండి చేయించి నేర్పిందట. మీ శిక్షణకు ఆయమ్మలను పిలవనే లేదు. డ్రైవర్లను పిలవలేదు, వంటవాళ్లను పిలవలేదు. పిల్లలు తినే చోట ఉండేది వాళ్లే కదండీ!

గాలి అందకపోతే నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. అంబులెన్సు ఎంత వేగంగా వచ్చినా ఆ నాలుగు నిమిషాలూ పక్కనున్నవాళ్లవే. మాకు నేర్పకపోతే ఆ పిల్లలకు ఎవరున్నారు?

మీరు పంపిన పోస్టరు సంగతీ చెప్పాలి. గొంతుకు అడ్డం పడితే పెద్దవాళ్లకు కడుపు ఎలా నొక్కాలో చూపించే బొమ్మ ఒక్కటే ఉంది అందులో. అది చూసి ఏ తల్లైనా నెలల బిడ్డ కడుపు నొక్కితే ఏమవుతుంది? ఏడాది లోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా వేసుకుని, తల కిందికి ఉంచి, వీపు మీద ఐదు దెబ్బలు వేయాలి. ఆపైన వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద ఐదు నొక్కులు నొక్కాలి. కడుపు జోలికి పోకూడదు. గర్భిణులకూ అంతే, రొమ్ము మీదే. గట్టిగా దగ్గగలుగుతున్నవాళ్లను దగ్గనివ్వాలి. స్పృహ తప్పితే సీపీఆర్, అంటే ఛాతీ నొక్కుతూ ఊపిరి ఊదడం, మొదలుపెట్టాలి. ఇందులో ఒక్క ముక్కా పోస్టరు మీద లేదు.

నార్వే బడుల్లో 1961 నుంచే ప్రథమ చికిత్స నేర్పుతున్నారు. జర్మనీలో అది నేర్చుకోనిదే డ్రైవింగ్ లైసెన్సు ఇవ్వరు. కడుపు నొక్కే పద్ధతిని డాక్టర్ హైమ్లిక్ చెప్పింది 1974లో. యాభై ఏళ్లు దాటింది. మాకేమో సెప్టెంబరు రెండో శనివారం, ప్రపంచ ప్రథమ చికిత్స దినం అని ఒక బ్యానరు వచ్చింది. పట్టుకుని ఫొటో దిగి పంపమన్నారు. పంపాం.

అయ్యా, డమ్మీలు పంపించండి. ప్రతి బడికీ కుదరకపోతే నాలుగు బడులకు ఒకటైనా పంపండి, మేమే మోసుకుని తిప్పుకుంటాం. పసిబిడ్డ డమ్మీ కూడా ఉండాలి. నేర్పేవాళ్లను పంపండి, ఏడాదికోసారి మళ్లీ చేయించండి, ఆయమ్మలను మా పక్కనే కూర్చోబెట్టండి. పోస్టరు మార్చండి. అది మాత్రం ఈ వారమే మార్చండి, దయచేసి.

జూన్‌లో బడి తెరుస్తాం. ఒకటో తరగతిలోకి కొత్త పిల్లలొస్తారు. ఆయమ్మ ఈ ఏడాది పని మానేస్తానంటోంది.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
ఒక బడి పంతులమ్మ