కర్నూలు పేరు దగ్గర ఆగిపోయిన ప్రోగ్రాం

కడప,
ఆదివారం

కన్నా,

నువ్వు పంపిన బగ్ వివరాలన్నీ చదివాను. ఫోనులో చెప్పబోతే మధ్యలో నీకు ఏదో ఒక మీటింగు వస్తుంది. పైగా ఇందులో బైట్ల లెక్కలున్నాయి, చెవితో వింటే నిలవవు. అందుకే ఉత్తరం. ఉద్యోగమంతా టెస్టింగులోనే గడిపినదాన్ని కనుక అక్కడక్కడ పెద్దరికం ధ్వనిస్తుంది, భరించు.

మీ తెలుగు బిల్లుల ప్రోగ్రాం కొత్త రిలీజ్ వెళ్లాక విండోస్ వాడే దుకాణాల నుంచి రెండు రకాల ఫిర్యాదులు వచ్చాయన్నావు. కడప దుకాణంలో బిల్లు మీద ఊరి పేరు బదులు పిచ్చి అక్షరాలు పడుతున్నాయి. కర్నూలు, అనంతపురం దుకాణాల్లో ప్రోగ్రామే తెరుచుకోవడం లేదు. ఇవి రెండు వేర్వేరు బగ్గులని చెరొకటి పంచుకుని ఇద్దరు కూర్చున్నారట. ఒకరిని లేపి వేరే పని చూసుకోమను. రెండూ ఒకటే.

అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు. అంటే ‘కడప’కు తొమ్మిది. మీరు ప్రోగ్రాం రాసే భాష అయిన పైథాన్‌లో ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ (బైట్లుగా రాసే పద్ధతి) ఏదో చెప్పకపోతే లైనక్స్, మాక్ మీద అది యూటీఎఫ్-8 అనుకుంటుంది. ఇంగ్లీషులో అమర్చిన విండోస్ మీద మాత్రం పాతకాలపు 1252 కోడ్ పేజీ, అంటే బైట్లకు అక్షరాలిచ్చే పట్టిక, అనుకుంటుంది. ఆ పేజీలో బైటుకొక అక్షరం. కడపలోని తొమ్మిది బైట్లకూ అందులో ఏదో ఒక అక్షరమో గుర్తో ఉంది కాబట్టి, తొమ్మిది పిచ్చి అక్షరాలు చప్పుడు చేయకుండా లోపలికి వచ్చేస్తాయి. అయితే ఆ పేజీలో ఐదు గళ్లు ఖాళీ, హెక్సాడెసిమల్ అంకెల్లో: 81, 8డి, 8ఎఫ్, 90, 9డి. మన కొమ్ము చివరి బైటు 81. వత్తు పడేచోట కనిపించకుండా కూర్చునే పొల్లు చివరి బైటు 8డి. కర్నూలులో రెండూ ఉన్నాయి, అనంతపురంలో కొమ్ముంది. ఆ బైటు దగ్గరికి రాగానే పైథాన్ చేతులెత్తేస్తుంది, ప్రోగ్రాం ఆగిపోతుంది. ఏ, ఐ, ఝ అక్షరాలకూ, అరసున్నకూ ఇదే గతి. కొమ్ములూ వత్తులూ లేని ఊరు కావడం వల్ల మన కడప మాత్రం ఆగకుండా తప్పు ముద్రించుకుంటూ పోయింది.

పోయిన రిలీజ్ దాకా పనిచేసిందంటున్నావు కనుక, కోడ్ శుభ్రం చేస్తూ ఎవరో ఎన్‌కోడింగ్ అన్న మాటను అనవసరమనుకుని తీసేసి ఉండాలి. దాన్ని తిరిగి పెట్టడం నిమిషం పని. నాకు ఆసక్తి కలిగించింది వేరే సంగతి. మీ టెస్టులు విండోస్ మీద కూడా నడుస్తున్నాయి. ఆ మార్పు వచ్చిన రోజున కూడా అవి పచ్చగానే, అంటే పాసవుతూనే, ఉన్నాయి. ‘విండోస్ మెషీన్ పెట్టండి, బగ్గులు అవే దొరుకుతాయి’ అని మీ మేనేజర్ అంటున్నాడు చూడు, ఆ మాట చాలదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఆ టెస్టు చేస్తున్న పని చూశాను. ‘కడప’ అని ఉన్న సెట్టింగుల ఫైలును చదువుతుంది, ఇంకో పేరుతో రాస్తుంది, రెండు ఫైళ్లూ ఒకటేనా అని పోలుస్తుంది. విండోస్ మీద చదివేటప్పుడు మూడు అక్షరాలు తొమ్మిదయ్యాయి. రాసేటప్పుడు అదే 1252 పేజీ గుండా వెనక్కి వెళ్లి మళ్ళీ అవే తొమ్మిది బైట్లయ్యాయి. చదవడంలో జరిగిన తప్పును రాయడంలో జరిగిన తప్పు సరిగ్గా కప్పేసింది. టెస్టు రాసినవాళ్లు సొంత ఊరి మీద అభిమానంతో ఆ పేరు పెట్టి ఉంటారు. ఎవరో నేను అడగను.

కాబట్టి రావలసిన జవాబును ఫైలు నుంచి చదివి తెచ్చుకోవద్దు, టెస్టు కోడ్‌లోనే రాసిపెట్టు. పైథాన్ తన సోర్సు ఫైళ్లను ఏ ప్లాట్‌ఫారం (విండోస్, మాక్, లైనక్స్) మీదైనా యూటీఎఫ్-8గానే చదువుతుంది, అక్కడ భయం లేదు. చదివాక పొడవు కూడా అడుగు. కడపకు 3 రావాలి. 9 వస్తే అక్కడికక్కడే దొరికిపోతుంది.

డేటాలో ఒక్కో పేరును ఒక్కో కారణంతో ఎంచుకో. పొల్లుకూ కొమ్ముకూ కర్నూలు. మౌనంగా చెడిపోయే రకానికి కడప. మైదుకూరు కూడా పెట్టు. యూనికోడ్‌లో ఐత్వం గుర్తును ఒకే కోడ్‌గా రాయవచ్చు, రెండు ముక్కలుగా విడదీసీ రాయవచ్చు. మాక్‌లో పాత ఫైల్ సిస్టం పేర్లను విడదీసి దాచేది. ఇప్పటి ఫైల్ సిస్టం ఏపీఎఫ్ఎస్ ఇచ్చినది ఇచ్చినట్టు దాచినా రెండు రూపాలనూ ఒకే పేరుగా చూస్తుంది. లైనక్స్ వాటిని రెండు వేర్వేరు ఫైళ్లుగా లెక్కవేస్తుంది. మైదుకూరు దుకాణం పేరుతో మాక్ మీద దాచిన బిల్లు సర్వర్‌లో ‘లేదు’ అని వస్తే ఆశ్చర్యపోవద్దు.

‘జ్ఞా’ను మరిచిపోవద్దు. 2018 ఫిబ్రవరిలో ఆ అక్షరం మధ్యలో అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు (జీరో విడ్త్ నాన్-జాయినర్) ఒకటి చేరితే చాలు, ఐఓఎస్ 11 నడిచే ఐఫోన్లలో మెసేజ్ తెరిచిన యాప్ కుప్పకూలేది. మాక్‌లోనూ అంతే. ఆండ్రాయిడ్ ఫోన్లకు ఏమీ కాలేదు. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. అక్షరాలను పేర్చే పని ఆ కంపెనీ సొంత లైబ్రరీలో జరిగేది, అందుకే మిగతా ప్రపంచానికి అంటలేదు. అంత పెద్ద సంస్థకు తెలుగు అక్షరం దగ్గర అలా జరిగితే, తెలుగు బిల్లుల ప్రోగ్రాం అమ్ముకునే మీరు తెలుగు డేటా లేకుండా టెస్టు నడపడం నాకు విడ్డూరంగా ఉంది.

తెలుగుతో మాత్రమే పరీక్షించినా ఒక చిక్కుంది. మనకు ఇంగ్లీషులోలా పెద్దబడి (క్యాపిటల్), చిన్నబడి (స్మాల్) అక్షరాల భేదం లేదు. విండోస్, మాక్ మామూలుగా ఫైలు పేరులో ఆ భేదాన్ని పట్టించుకోవు, లైనక్స్ పట్టించుకుంటుంది. కోడ్‌లో చిన్న అక్షరంతోనూ, ఫోల్డర్‌లో పెద్ద అక్షరంతోనూ ఉన్న టెంప్లేట్ నీ మాక్ మీద నడిచి సర్వర్ మీద పడిపోతుంది. కనుక ఇంగ్లీషు పేర్లూ కొన్ని ఉండాలి. తెరిచి ఉన్న ఫైలును చెరిపేయడం లైనక్స్‌లో కుదురుతుంది, విండోస్‌లో సాధారణంగా కుదరదు. విండోస్‌తో పైథాన్ వాడుకోగల టైమ్‌జోన్ల పట్టిక రాదు, ఆ ప్యాకేజీని విడిగా పెట్టకపోతే కోల్‌కతా జోన్ దొరకదని ఎర్రర్ ఇస్తుంది. ఇవన్నీ ఎవరైనా చెబుతారు. ఒక్కొక్కదానికీ ఒక చిన్న టెస్టు రాసి పక్కన పెట్టు.

లైను చివరల సంగతి మాత్రం కొంచెం ఆగి చూడు. విండోస్‌లో లైను చివర రెండు బైట్లు, లైనక్స్‌లో ఒకటి. ఆ తేడాతో టెస్టు ఫెయిలైందని ఎవరో పోల్చే ముందు ఖాళీలన్నిటినీ తీసేసేలా మార్చారు. ఇప్పుడు బిల్లులో అంకెల వరుస చెదిరినా, ధర పక్క నిలువు గడిలోకి జరిగినా టెస్టుకు తెలియదు. లైను చివరలను మాత్రం సమం చేసి, మిగతాది ఉన్నదున్నట్టు పోల్చండి.

మన ఊళ్లో బ్రౌన్ గ్రంథాలయానికి నిన్ను చిన్నప్పుడు తీసుకెళ్లేదాన్ని. 1820లో కడపకు వచ్చిన ఆ దొర తరువాత ఇక్కడే బంగళా కొని, పండితులను పెట్టుకుని, ఒకే కావ్యానికి వేర్వేరు చోట్ల నుంచి తెప్పించిన తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టి పాఠభేదాలు రాయించేవాడు. ఒక్క ప్రతినే ఎన్నిసార్లు చదివినా లేఖకుడి తప్పు కావ్యంలో భాగంగానే కనిపిస్తుంది. మీ బిల్లులకూ అదే చేయించు. ప్రతి బిల్డ్‌లో మూడు ప్లాట్‌ఫారాల మీదా ఒకే ఇరవై బిల్లుల్లోని టెక్స్టును బయటకు తీసి, ఒకదానితో ఒకటి పోల్చే టెస్టును చివర నడపండి. రావలసిన జవాబు ఎవరూ ముందుగా ఊహించని చోట కూడా, ఒక ప్లాట్‌ఫారం మిగతా రెండింటితో విభేదించగానే అది బయటపడుతుంది. నా అనుభవంలో ఇంత తక్కువ కోడ్‌తో ఇన్ని బగ్గులు పట్టే టెస్టు ఇంకోటి లేదు.

ఇక నాకు కోపం తెప్పించిన విషయం. మీ విండోస్ రిపోర్టులో ‘స్కిప్డ్’ అన్న వరుస ఎవరైనా చదువుతున్నారా? విండోస్ మీద ఇబ్బంది పెట్టిన టెస్టునల్లా అక్కడ స్కిప్ చేసి, లైనక్స్‌లో మాత్రం నడుపుతున్నారు. రిపోర్టు పచ్చగా ఉండడానికి సగం కారణం అదే. స్కిప్ బదులు ‘ఫెయిల్ అవుతుందని తెలుసు’ అని గుర్తు పెట్టండి. పైథాన్ టెస్టులు నడిపే పైటెస్ట్‌లో దానికి స్ట్రిక్ట్ పద్ధతి ఉంది, ఆ టెస్టు ఎప్పుడైనా పాసైతే అదే ఫెయిల్‌గా వస్తుంది. అప్పుడు బాగైన సంగతి కూడా మీకు తెలుస్తుంది, ఆ గుర్తు తీసేస్తారు. స్కిప్ చేస్తే చెడిందీ తెలియదు, బాగైందీ తెలియదు. ఫెయిలైన టెస్టును మళ్ళీ మళ్ళీ నడిపి పాస్ చేయించుకునే అలవాటు కూడా మానిపించు.

ఈ బగ్‌ను దిద్దే ముందు కొత్త టెస్టు రాసి, దిద్దని కోడ్ మీద విండోస్‌లో నడుపు. ఎర్రగా వచ్చిందని కళ్లారా చూశాకే దిద్దు. ఎర్రబడని టెస్టు దేన్ని కాపలా కాస్తోందో ఎవరికీ తెలియదు. ఏ కమిట్‌తో (కోడ్‌లో నమోదైన ఏ మార్పుతో) మొదలైందో తెలుసుకోవాలంటే, తప్పు తెచ్చిన మార్పును వెతికే గిట్ బైసెక్ట్‌కు ఆ టెస్టునే ఇవ్వు. రెండు రిలీజ్‌ల మధ్య ఆరు వందల కమిట్లు ఉన్నాయన్నావు. ప్రతిసారీ సగానికి తెగ్గొడుతుంది కనుక పది ప్రయత్నాల్లో తేలుతుంది. దాన్ని విండోస్ మెషీన్ మీదే నడపాలి సుమా. లైనక్స్‌లో ‘ఇది విండోస్’ అని ప్రోగ్రామ్‌కు అబద్ధం చెప్పి నడిపితే ఫైల్ సిస్టం, కోడ్ పేజీ లైనక్స్‌వే ఉంటాయి.

ఈ ఒక్క రకానికి మాత్రం లైనక్స్‌లోనే పట్టే దారి ఉంది. పైథాన్ 3.10 నుంచి, ఎన్‌కోడింగ్ చెప్పకుండా ఫైలు తెరిచిన చోటల్లా హెచ్చరించే ఆప్షన్ ఇచ్చారు. దాన్ని ఆన్ చేసి, ఆ హెచ్చరికను ఎర్రర్‌గా మార్చండి. 3.15లో యూటీఎఫ్-8నే డిఫాల్ట్ చేయాలని నిర్ణయమైంది కానీ, మీ దుకాణాల్లో పాత వెర్షన్లు ఇంకా చాలా ఏళ్లు నడుస్తాయి.

టెస్టులను తనంతట తానే నడిపే గిట్‌హబ్ యాక్షన్స్‌లో ఒక ప్లాట్‌ఫారం ఫెయిల్ కాగానే మిగతావాటిని రద్దు చేసే ఫెయిల్-ఫాస్ట్ మామూలుగా ఆన్‌లో ఉంటుంది. దాన్ని ఆపేయి. విండోస్ ఒక్కటే పడిందా, మూడూ పడ్డాయా అన్నది తెలియకపోతే వెతుకులాట ఎక్కడ మొదలుపెడతావు? అక్కడి మెషీన్‌కు ‘లేటెస్ట్’ అన్న పేరు బదులు ఆపరేటింగ్ సిస్టం వెర్షన్ నంబరు రాయి, లేకపోతే మీరు ఏమీ మార్చని రోజున కింద ఆపరేటింగ్ సిస్టం మారి టెస్టులు పడతాయి. మాక్ మెషీన్ ఖర్చు ఎక్కువని మేనేజర్ అంటే, దాన్ని రాత్రిపూట ఒక్కసారి, రిలీజ్‌కు ముందు తప్పనిసరిగా నడపడానికి ఒప్పుకో. విండోస్ విషయంలో మాత్రం బేరం వద్దు, మీ దుకాణాలన్నీ దాని మీదే ఉన్నాయి.

స్కిప్ చేసిన టెస్టుల జాబితా నాకు పంపు, ఏవి ముందు తిరిగి నడపాలో గుర్తులు పెట్టి పంపుతాను. మీ నాన్న నీకు కారప్పొడి, వేరుశనగ ఉండలు బస్సులో పంపిస్తానంటున్నారు. శుక్రవారం రాత్రి ఎవరు తీసుకుంటారో ఫోన్ చేసి ఆయనకు చెప్పు.

ఆశీస్సులతో,
అమ్మ