హెన్రీ కో పార్కు గేటు మూతపడకుండా కాపాడిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

ఇది 2012 అక్టోబరు. మొన్న శనివారం పిల్లల్ని తీసుకుని కాలిఫోర్నియాలోని హెన్రీ కో స్టేట్ పార్కుకి వెళ్లొచ్చాం. గేటు తీసే ఉంది. ఈ చిన్న మాట కోసం ఏడాదిన్నరగా ఎంతమంది ఎంత పాటుపడ్డారో దగ్గరుండి చూశాను. అందరికీ ఒక్కసారి, మన భాషలో, మనసారా దణ్ణం పెట్టుకోవాలనిపించి ఇది రాస్తున్నాను.

ఎప్పుడూ వెళ్లని వాళ్ల కోసం చెబుతాను. మోర్గన్ హిల్ ఊళ్లో డన్ అవెన్యూ పట్టుకుని 13 మైళ్లు కొండెక్కితే వస్తుందీ పార్కు. రోడ్డు సన్నం, మలుపు మీద మలుపు. పైకి చేరేసరికి వెనక సీట్లో ఎవరో ఒకరికి కడుపులో తిప్పుతుంది. కారు దిగి ఆ గాలి పీల్చుకున్నాక మాత్రం ఎవరూ ఆ మాట ఎత్తరు. 87,000 ఎకరాలు, ఉత్తర కాలిఫోర్నియాలో ఇంతకన్నా పెద్ద స్టేట్ పార్కు లేదు. ఇదంతా ఒకప్పటి పశువుల రాంచ్ చుట్టూ పెరిగింది. సాడా కో అనే ఆవిడ తన తండ్రి హెన్రీ కో పేరు నిలబడాలని 1953లో 12,000 ఎకరాల పైచిలుకు భూమిని శాంటా క్లారా కౌంటీకి రాసిచ్చేశారు. 1958లో అది స్టేట్ పార్కయింది.

నిరుడు, 2011 మే నెలలో, నాన్న మార్కాపురం నుంచి వచ్చినప్పుడు అక్కడికే తీసుకెళ్లాను. గడ్డి అప్పుడప్పుడే పసుపు తిరుగుతోంది. ఓక్ చెట్ల కింద నిలబడి కాసేపు అటూ ఇటూ చూసి, "ఇది మన నల్లమలేనమ్మా, పేరు మార్చుకుని వచ్చిందంతే" అన్నారు. మాంజనీటా మాను మీద పెట్టిన అరచెయ్యి చాలాసేపు తియ్యలేదు. ఎర్రటి బెరడు, నూనె పట్టించిన చేతికర్రలా నున్నగా ఉంటుంది. భూమి రాసిచ్చిన సంగతి చెబితే, "అమ్ముకోలేదా? ఊరికే ఇచ్చేసిందా ఆ తల్లి?" అని రెండుసార్లు అడిగారు.

ఆ నెలలోనే మూసేసే పార్కుల జాబితా వచ్చింది. రాష్ట్రంలోని 278 పార్కుల్లో 70. బడ్జెట్ లోటు పూడ్చడానికి పార్కుల నిధుల్లో 2.2 కోట్ల డాలర్ల కోత పెట్టారు. 2012 జులై 1 లోపు ఎవరైనా ఆదుకోకపోతే ఆ 70కీ తాళాలే. జాబితాలో మన కో పార్కు ఉంది. అంతకు ముందు నవంబరులోనే, ఒక్కో బండి రిజిస్ట్రేషన్ మీద ఏడాదికి 18 డాలర్లు పార్కులకి కేటాయిద్దామన్న ప్రతిపాదన 21ని ఓటర్లు ఓడించారు. మనలో సిటిజన్లు కానివాళ్లకి ఆ రోజు ఓటు లేదు. అయినా ఆ తర్వాత వాళ్లు చేసింది చూస్తే నా గుండె నిండిపోయింది.

ముందుగా కో పార్క్ ప్రిజర్వేషన్ ఫండ్ వారికి. మూడేళ్లపాటు పార్కు ఖర్చులో పడే లోటు తాము భరిస్తామని ముందుకొచ్చి రాష్ట్రంతో ఒప్పందం రాసుకున్నది వీళ్లే. ఆ మాట లేకపోతే మిగతా మా సాయమంతా ఏ మూలకీ వచ్చేది కాదు. ఆ తర్వాత పైన్ రిడ్జ్ అసోసియేషన్ వాలంటీర్లకి. విజిటర్ సెంటర్లో కూర్చుని వచ్చినవాళ్లకి మ్యాపు మీద వేలు పెట్టి దారి చెప్పేది, ఎండల్లో కంపలు కొట్టి కాలిబాట నిలబెట్టేది వీళ్లే. వీళ్లలో చాలామంది మా నాన్న ఈడువాళ్లు. మొన్న ఒకాయన మా చిన్నాడి అరచేతిని తన చేతిలో పెట్టుకుని టరాంటులా సాలీడుని నడిపించారు. అక్టోబరు కదా, మగ సాలీళ్లు జోడీ కోసం బయటికొచ్చే కాలం. వాడు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. రాత్రి నిద్రలో కూడా అదే చెయ్యి చాపుకుని పడుకున్నాడు.

ఇక మనవాళ్లకి. మా ఆఫీసులో మన పిల్లలు కంపెనీ మ్యాచింగ్ ఫారాలు (ఉద్యోగి ఇచ్చిన చందాకి కంపెనీ కూడా జత కలిపేవి) ఒక్కొక్కరి డెస్కు దగ్గరికీ వెళ్లి దగ్గరుండి నింపించారు. మా అపార్ట్‌మెంట్లో అక్కలు, వదినలు సంక్రాంతి పిండివంటలు అమ్మి వచ్చింది వచ్చినట్టు ఇచ్చేశారు. మా నాన్న తిరుగు ప్రయాణానికి ముందు ఒక కవరు నా చేతిలో పెట్టారు. నాలుగు మూలలా పసుపు, లోపల 116 డాలర్లు. "మార్కాపురం వాళ్ల చదివింపులని రాసుకోమను" అన్నారు. పార్కు కౌంటర్లో ఉన్న పెద్దావిడకి ఇస్తే, ఈ పదహారేమిటని అడిగారు. శుభానికిచ్చే సొమ్ము సున్నాతో ముగించం, ఇంకా పెరగాలని పైన కొంత కలుపుతాం అని నాకు తెలిసినంతలో చెప్పాను. డబ్బు రశీదు రాసి తీసుకుని, ఖాళీ కవరుని గోడకి అంటించుకున్నారు. మొన్న చూశాను, పసుపు కాస్త వెలిసింది కానీ అక్కడే ఉంది.

ఈ జులైలో తగిలిన దెబ్బ గురించి చెప్పకుండా వదిలేస్తే తప్పవుతుంది. పార్కుల శాఖ ఖాతాల్లో 5.4 కోట్ల డాలర్లు బడ్జెట్ లెక్కల్లోకి రాకుండా ఉండిపోయాయని బయటపడింది. శాఖ డైరెక్టర్ రాజీనామా చేశారు. ఆ వారం నేను ఎవరికీ ఫోన్ చెయ్యలేకపోయాను. నా మాట నమ్మి ఇచ్చినవాళ్లకి ఏ ముఖం పెట్టుకుని చెప్పను? మీరే ఫోన్ చేశారు. "మనమిచ్చింది కొండకి, ఆఫీసుకి కాదు" అని ఒకావిడ అన్న మాట నేను మర్చిపోలేను. ఇచ్చింది వెనక్కి ఇమ్మని నన్ను ఒక్కరు కూడా అడగలేదు. నా కృతజ్ఞతల్లో పెద్ద వాటా మీదే.

సెప్టెంబరులో ఏబీ 1478 అనే రాష్ట్ర అసెంబ్లీ బిల్లు చట్టమైంది. దాని ప్రకారం రెండేళ్లపాటు పార్కులు మూయకూడదన్నారు. దాతలిచ్చిన మొత్తాలకి జత కలపడానికి రాష్ట్రం 1 కోటి డాలర్లు పక్కన పెట్టింది. మీ ఉత్తరాలు అందుకున్న శాసనసభ్యులకీ, వాళ్ల ఆఫీసుల్లో మన ఫోన్లు ఓపిగ్గా ఎత్తిన వాళ్లకీ ధన్యవాదాలు.

కానీ ఒక్క మాట. చందాలతో పార్కు నడుస్తుందని దయచేసి ఎవరూ అనుకోవద్దు. ఎండలో నీళ్లయిపోయి లోయలో కూలబడ్డ మనిషిని పైకి తెచ్చేది జీతం మీదున్న రేంజర్లు. మరుగుదొడ్ల గుంత ఖాళీ చేయించేది, వేసవిలో మంటలు పట్టుకోకుండా కాపలా కాసేది ప్రజల పన్నుల సొమ్ము. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియకపోయినా, ఆ గేటు దగ్గర మనల్ని నవ్వుతూ పలకరించిన రేంజర్లకి నా నమస్కారం. రెండేళ్ల గడువు తీరకముందే మళ్లీ ఉత్తరాలు రాద్దాం. నమూనా నా దగ్గరుంది, అడిగినవాళ్లకి పంపిస్తాను.

వచ్చే నెల కాలిబాట పనికి వెళ్తున్నాం. మా కారులో ముగ్గురికి చోటుంది. నిండు చేతుల చొక్కా, చేతులకి గ్లవ్స్ తెచ్చుకోండి. పాయిజన్ ఓక్ అనే మొక్క తగిలితే వారం రోజులు దురద. పులిహోర నేను తెస్తాను.