బండి వేడి మీద ఉన్నప్పుడు బంకుకు పోకు బిడ్డా

హన్మకొండ,
మే నెల, శుక్రవారం

బిడ్డా,

నిన్న ఫోన్‌లో ఒక మాట నవ్వుకుంటూ చెప్పేశావు. బంకులో బండి బంద్ చేయకుండానే పెట్రోల్ పోయించుకున్నావట. బంద్ చేస్తే పావుగంట దాకా మళ్లీ స్టార్ట్ కాదు, వెనకవాళ్లు హారన్లు కొడుతుంటే టెన్షన్ అవుతుంది అన్నావు. పోసే పిల్లగాడు కూడా ఏమీ అనలేదట. అప్పుడే చెబుదామంటే "సరే బాపూ, సరే" అని ఫోన్ పెట్టేస్తావని తెలుసు. అందుకే కూర్చుని రాస్తున్నా.

నేను ఇన్నేళ్లూ గ్యారేజీలో పట్టింది డీజిల్ బండ్లను. డీజిల్ కొంచెం నిదానం సరుకు, 35 డిగ్రీలన్నా దాటితే గానీ నిప్పు తగిలినా అంటుకునేంత ఆవిరి వదలదు. పెట్రోల్ సంగతి వేరు. సున్నాకు 40 డిగ్రీల దిగువన ఉన్నా దాని ఆవిరి అంటుకుంటుంది. ఇక మన దగ్గర మే నెలలో 44 డిగ్రీల ఎండలో ఎట్లుంటుందో చూడు. ఈసారి మూత తీసినప్పుడు టాంకు నోటి దగ్గర గమనించు. అక్కడ గాలి సన్నగా వణుకుతూ కనిపిస్తుంది, ఎండ ఏటవాలుగా పడితే దాని నీడ కూడా టాంకు మీద కదులుతుంది. అది ఆవిరే. గాలి కంటే బరువు కాబట్టి పైకి పోదు, టాంకు పక్క నుంచి ఇంజన్ మీదికి, సైలెన్సర్ వంపు మీదికి దిగుతుంది. ఇంజన్ నడుస్తుంటే అక్కడ నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు తీగలో కరెంటు పారుతూనే ఉంటుంది. పాత బండి కదా, ఆ తీగ రబ్బరు ఎక్కడో ఒకచోట పగిలే ఉంటుంది, అక్కడ రవ్వ ఎగిరితే ఆవిరి అంటుకుంటుంది.

బండి ఎందుకు మొరాయిస్తుందో కూడా చెబుతా, తెలిస్తే నీకే సగం భయం పోతుంది. నడిచినంతసేపు గాలి తగిలి ఇంజన్ వేడి కొంత పోతుంటుంది. బంద్ చేయగానే ఆ వేడంతా పక్కనున్న కార్బురేటర్‌కు, అంటే పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపేదానికి, ఎక్కుతుంది. అందులోని పెట్రోల్ పొయ్యి మీది పాలలాగా పొంగి లోపలికి పోతుంది, ప్లగ్గు తడుస్తుంది. అప్పుడు నువ్వు చోక్ లాగి కిక్ కొడితే ఇంకా ముంచినట్టే. వేడి మీద చోక్ ముట్టుకోకు. రేజ్, అదే యాక్సిలరేటర్, కొంచెం తిప్పి పట్టుకుని కొట్టు. పెట్రోల్ వాసన గుప్పుమంటే ఐదారు నిమిషాలు ఊరుకుని, రేజ్ మొత్తం తిప్పి అట్లనే పట్టుకుని కొట్టు, ఊరికే తిప్పుతూ వదులుతూ ఉండకు.

కానీ ఎప్పుడూ ఇట్లనే చేస్తుందంటే పొంగుడు ఒక్కటే కాదు, నాకు వేరే అనుమానాలు ఉన్నాయి. వేడి మీద కిక్ మరీ తేలికగా దిగిపోతుందా చూడు. అట్లయితే టాపెట్, అంటే వాల్వ్ దగ్గర వదిలే సన్నటి సందు, బిగుసుకుంది. ఇంజన్ కాగితే వాల్వ్ సాగి పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్, అంటే లోపలి ఒత్తిడి, పోతుంది, చల్లారితే మళ్లీ మంచిగవుతుంది. చల్లటి ఇంజన్ మీద అరగంటలో సెట్ చేసే పని అది. కిక్ గట్టిగానే ఉండి స్టార్ట్ కాకపోతే ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్ అయి ఉండొచ్చు, కొన్ని కాయిళ్లు కాగినప్పుడే చచ్చిపోతాయి. టాంకు మూతకు సన్నటి గాలి రంధ్రం ఉంటుంది, దుమ్ము పట్టి మూసుకుపోయినా పెట్రోల్ దిగదు. మూత తీస్తే ఫుస్‌మని గాలి లోపలికి పోతుందేమో విను. ప్లగ్గు ఊడదీసి నిప్పురవ్వ వస్తుందా అని మాత్రం నువ్వు చూడకు. ఆ ప్లగ్గు రంధ్రంలో నుంచే పెట్రోల్ ఆవిరి వస్తుంటుంది. అది మెకానిక్ పని.

రిపేరు అయ్యేదాకా ఒకటి చెయ్యి. రోజంతా ఊళ్లు తిరిగి సాయంత్రం బంకుకు పోయే అలవాటు మానుకో. పొద్దున్నే డ్యూటీకి పోయేటప్పుడు, నీ రూముకు దగ్గరి బంకులోనే పోయించుకో. ఆ కొంచెం దూరానికి ఇంజన్ అంత కాగదు, లైన్ కూడా ఉండదు. రిజర్వ్‌కు రానియ్యకు. పస్రా దాటి తాడ్వాయి అడవిలోకి పోయే రోజైతే ముందే చూసుకో. నీళ్ల బాటిల్లో పెట్రోల్ పట్టుకుని బ్యాగులో వేసుకుంటే మాత్రం నేనే వచ్చి బండి తీసుకుపోతా.

బంకులోకి పోగానే బంద్ చేసి తాళం తియ్యి, బండి దిగు. నోటిదాకా పోయొద్దని చెప్పు. భూమిలోని టాంకులో చల్లగా ఉన్న పెట్రోల్ ఎండకు సాగుతుంది. 10 లీటర్లు 15 డిగ్రీలు వేడెక్కితే 150 మిల్లీలీటర్ల దాకా పెరుగుతుంది, అంత పోవడానికి జాగా లేకపోతే మూతలో నుంచి ఇంజన్ మీదికే కారుతుంది. మూత పెట్టాక అక్కడే కిక్ కొట్టకు. ఇది అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే మునిగిన ఇంజన్ ఒక్కోసారి సైలెన్సర్‌లో టప్‌మని పేలుతుంది. ఆ పేలుడులో మంట ఉంటుంది, పక్కనోడు అప్పుడే మూత తీసి ఉంటాడు. గాలి కొట్టేచోటు దాకా బండి తోసుకుపో. హారన్లు కొట్టేవాళ్లను కొట్టనీ, నువ్వు పక్కకు జరిగితే వాళ్లకు దారి దొరికినట్టే కదా. పెట్రోల్ ఒలికితే తుడిచి, ఆరి వాసన పోయేదాకా ఆగు.

పోస్తుండగా ఎప్పుడైనా అంటుకుంటే పైపు గుంజొద్దు, గుంజితే మంట మీద ఇంకా ఒలుకుతుంది. వదిలేసి దూరం పోయి కేక వెయ్యి. బంకువాళ్ల దగ్గర మంట ఆర్పే పౌడర్ సిలిండర్లు, ఇసుక బకెట్లు ఉంటాయి. నీళ్లు పోస్తే పెట్రోల్ నీళ్ల మీద తేలి మంట ఇంకా పాకుతుంది.

ఇంకోటి, ఇప్పుడు వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు, పాత బండ్ల రబ్బరుకు అది అంత మంచిది కాదు. టాంకు కింది పైపు ఒకసారి వేళ్లతో వంచి చూడు. పగుళ్లు కనిపిస్తే ఆదివారం దాకా ఆగకు, అక్కడే మార్పించు. అది చిన్న ఖర్చే.

మిగతావి నేను చూసుకుంటా. ప్లగ్గు, కాయిల్ ఇక్కడ తెచ్చిపెడతా, టాపెట్ నేనే సెట్ చేస్తా. ఆదివారం ఆరింటికే బయలుదేరు. వచ్చాక బండి రెండు మూడు గంటలు చల్లారాలి, ఆలోపు తిని పడుకో. మీ అమ్మ ఆవకాయ పెట్టింది, పోయినసారి తీసుకుపోయిన డబ్బా తెమ్మంటుంది.

నీ బాపు